రోజుకు మూడు నాలుగు పోస్టులు పెట్టాలె, ఏ యాప్ పట్టుకోవాలె? మాది చేనేత, చౌటుప్పల్ దిక్కు

మగ్గమింటామె | ఆగస్టు 9, రాత్రి 9:52

అందరికి నమస్తే. మాది పుట్టపాక పక్కన చిన్న ఊరు. ఇంట్ల రెండు మగ్గాలున్నయ్, మా ఆయన నేస్తడు, అత్తమ్మ ఆసు పోస్తది (నేసే ముందు నూలును మేకుల చుట్టు అటు ఇటు తిప్పుడు), నేను కండెలు చుట్టుకుంట ఫోన్ చూసుకుంట. ఇన్నేండ్లు సావుకారికే ఇచ్చినం, ఈ యాడాది నుంచి సొంతంగ అమ్ముదమని మొదలువెట్టినం. ఫేస్‌బుక్ పేజీ ఉంది, ఇన్‌స్టా ఉంది, వాట్సాప్ బిజినెస్ ఏసుకున్న, యూట్యూబ్ మా చెల్లె కొడుకు తెరిచి ఇచ్చిండు, ఇప్పుడు టెలిగ్రామ్ కూడ పెట్టుమంటున్నరు. చీరలు, దుపట్టాలు, రుమాళ్లు కలిపి రోజుకు మూడు నాలుగు పోస్టులు పెట్టాలని ఉంది గని ఐదు చోట్ల పెట్టుకుంట కూసుంటె కండె ఎప్పుడు చుట్టాలె, అన్నం ఎప్పుడు వండాలె.

పోయిన నెల అన్నిట్ల పెట్టిన. మొత్తానికి రెండు చీరలు పోయినయ్, అవి కూడ మా చిన్నమ్మ బిడ్డ దోస్తులే తీసుకున్నరు. ఒక్కటే పట్టుకోమంటె ఏది పట్టుకోవాలె చెప్పండ్రి. యాడ్స్‌కు పెట్టేంత పైసలు లేవు.

దేవరకొండ_డిజిటల్ | ఆగస్టు 9, రాత్రి 10:20

ఇన్‌స్టానే అక్కా, ఆలోచించేదే లేదు. చీర అంటే కంటికి కనపడాలె, రీల్ అయితె మనల్ని ఫాలో కానోళ్లకు కూడ పోతది. 2020 జూన్‌ల టిక్‌టాక్ బంద్ అయినంక ఆ జనమంత రీల్స్‌కే వచ్చిన్రు. రోజు ఒక రీల్, రెండు ఫోటో పోస్టులు, నాలుగైదు స్టోరీలు. ఆరు నెలలు ఆపకుండ పెడితె పేజీ లేస్తది. రోజు రోజు కూసునే పని లేదు, ఆదివారం నాడు వారానికి సరిపడ తయారు చేసుకోని యాప్‌లనే షెడ్యూల్ పెట్టుకోవచ్చు, 75 రోజుల ముందుగాల దాక పెట్టనిస్తది. ఇన్‌స్టా, ఫేస్‌బుక్ రెండిట్ల ఒక్కసారే పడాలంటె మెటా బిజినెస్ సూట్ ఉంది, అది ఫ్రీ.

పాలమూరు_పోరడు | ఆగస్టు 9, రాత్రి 10:31

రోజు ఒక రీల్ ఆరు నెలలు అంటున్నవ్, చీర నేసెటందుకే వారం పది రోజులు పడుతది గద అన్నా 😄

బత్తాయితోట | ఆగస్టు 10, ఉదయం 6:05

అమ్మా, యాప్ సంగతి తర్వాత. ముందు ఇది చెప్పండి, ఇప్పటిదాకా మీ దగ్గర కొన్నవాళ్లు ఎవరు? ఎంత వయసు, ఎక్కడుంటారు, మొదట మీ గురించి ఎట్లా తెలిసింది? మాకు నల్లగొండ దగ్గర బత్తాయి తోట ఉంది. నేనూ మీలాగే అన్నిచోట్లా పెట్టి చూశాను, తీరా చూస్తే నా పండ్లు కొనేది హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల వాళ్లే. ఇన్‌స్టాలో లైకులు కొట్టిన వాళ్లలో ఒక్కరూ కిలో పండ్లు కొనలేదు.

మగ్గమింటామె | ఆగస్టు 10, మధ్యాహ్నం 2:14

నోట్‌బుక్ తీసి చూసిన సార్. ఇప్పటిదాక కొన్నది ఇరవై ఆరు మంది. అండ్ల పందొమ్మిది మంది హైదరాబాద్‌ల ఉండే నలభై దాటిన ఆడోళ్లే, టీచర్లు, బ్యాంకుల చేసేటోళ్లు. నలుగురు బెంగుళూరు. ఇద్దరు అమెరికా, వాళ్లు మా ఊరోళ్ల చుట్టాలే. ఇంకొకామె ఎవరో తెల్వది, పోచంపల్లికి వచ్చి అడుక్కుంట అడుక్కుంట మా ఇంటికే వచ్చింది. దగ్గర దగ్గర అందరు ఒకరు చెప్తె ఒకరు వచ్చినోళ్లే. ఇట్ల లెక్క తీస్తననుకోలే ఇన్నొద్దులు.

గద్వాల_అంచు | ఆగస్టు 10, రాత్రి 9:15

చెల్లె, నీ జవాబు నీ నోట్‌బుక్‌లనే ఉంది. మాది గద్వాల, మా ఇంట్ల మూడు తరాల సంది ఇదే పని, ఆన్‌లైన్‌ల పడి ఐదేండ్లు. నేను చేసిన తప్పులు చెప్తా, నువ్వు చెయ్యకు.

మొదటిది. రోజు నాలుగు పోస్టులు పెట్టాలె అనుకున్నవ్ కదా, అట్ల పెట్టెతందుకు సరైన జాగ వాట్సాప్ స్టేటస్. 24 గంటలకు అదే పోతది, ఎవలకు చూడబుద్ధైతె వాళ్లు చూస్తరు, ఇంకొకల ఫోన్ మోగది. ఇవే నాలుగు ఫోటోలు గ్రూపుల ఏస్తె తిట్లు పడుతయ్. నేను మొదట్ల చుట్టాల గ్రూపు, పదో తరగతి దోస్తుల గ్రూపు, కాలనీ గ్రూపు అన్నిట్ల పొద్దుగాల్నే ఏసేటోన్ని. ఒకనాడు మా పెద్దమ్మ ఫోన్ జేసి, బిడ్డా నీ చీరలు మంచిగనే ఉన్నయ్ గని పండ్లు తోముకోకముందే పదకొండు ఫోటోలు చూడలేకపోతున్న, అన్నది. నా ఫోటోలతోటి అందరు ఎంత ఇసిగిపోయిన్రో నాకు అప్పుడు అర్థమైంది.

రెండోది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు, అంటె ఒక్క మెసేజ్ చానమందికి విడివిడిగ పోయేది. ఒక లిస్టుల 256 మందిని పెట్టొచ్చు, కానీ మన నంబర్ వాళ్ల ఫోన్‌ల సేవ్ అయి ఉంటెనే మెసేజ్ పోతది, చానమందికి ఈ సంగతి తెల్వది, పంపినం పంపినం అనుకుంటరు, అవతల ఏం పడది. నేను పార్సిల్‌ల చిన్న చీటి పెడత, "ఈ నంబర్ సేవ్ చేసుకోండి, కొత్త చీర మగ్గం దిగంగనే మీకే ముందు చూపిస్త" అని. స్టేటస్‌కు కూడ అదే లెక్క, ఇద్దరి ఫోన్‌లల్ల ఇద్దరి నంబర్లు ఉండాలె.

మూడోది నా బుద్ధితక్కువ పని. ఒకాయన వచ్చి పదివేల నంబర్లకు ఒక్క నొక్కుతో మెసేజ్ పోయే సాఫ్ట్‌వేర్ అని అంటగట్టిండు. మూడు రోజులకు నా నంబర్ బంద్. నాలుగేండ్ల కస్టమర్ల ముచ్చట్లు, కొలతలు, అడ్రస్‌లు అన్ని దాంట్లనే. అట్ల పంపుడు రూల్‌కు వ్యతిరేకమని నాకు తెలుసు, తెలిసే చేసిన, ఎవల మీద ఏడ్వాలె. అప్పటి సంది పేర్లు నోట్‌బుక్‌ల కూడ రాస్తున్న, నువ్వు ఆ నోట్‌బుక్ పారెయ్యకు.

ఇంక కేటలాగ్ అని ఒకటుంటది వాట్సాప్ బిజినెస్‌ల, 500 దాక పెట్టుకోవచ్చు. ఫోటో, ధర, రెండు ముక్కలు వివరం. "ఇంక ఏమున్నయ్ చూపియ్" అన్నోళ్లకు లింక్ కొడితె అయిపాయె.

దేవరకొండ_డిజిటల్ | ఆగస్టు 10, రాత్రి 9:48

అన్నా వాట్సాప్‌ల తెలిసినోళ్లకే చూపిస్తవ్, కొత్తోళ్లు ఎక్కడి నుంచి వస్తరు మరి? ఇరవై ఆరు మంది దగ్గర ఎన్ని చీరలు అమ్ముతది అక్క?

గద్వాల_అంచు | ఆగస్టు 10, రాత్రి 10:02

రెండు మగ్గాల మీద నెలకు ఎన్ని దిగుతయ్ తమ్మి? ఇక్కత్ (నూలుకు ముందుగాల్నే డిజైన్ ప్రకారం రంగు అద్ది నేసేది) అయితె వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లక్ష మంది వచ్చి అడిగితె ఏమిస్తది? కొత్తోళ్లు రావద్దనలే, దానికి వారానికి ఒక్కటి మంచిది చాలు అంటున్న.

అమెరికా_కోడలు_మునుగోడు | ఆగస్టు 11, తెల్లవారుజామున 3:30

కొనేదాన్ని కాబట్టి నా వైపు నుంచి చెప్తా. నేను చేనేత చీరలు ఎక్కువగా ఫేస్‌బుక్ గ్రూపుల్లో చూసి కొంటా, ఇన్‌స్టాలో చూస్తా కానీ తక్కువ కొంటా. నన్ను విసిగించేవి: "ధర కోసం ఇన్‌బాక్స్ చేయండి" (ఇది చూస్తే స్క్రోల్ చేసి వెళ్లిపోతా), ఫిల్టర్ వేసిన రంగు, బొమ్మకి కట్టిన చీర, మీద పెద్ద పెద్ద అక్షరాలతో బ్రాండ్ పేరు.

నాకు కావాల్సింది ఏంటంటే చీర తిప్పి వెనక వైపు చూపించాలి. ప్రింట్ కొట్టిన నకిలీ ఇక్కత్ అయితే వెనక రంగు వెలిసినట్టు ఉంటుంది, నిజం ఇక్కత్ రెండు వైపులా ఒక్కలాగే ఉంటుంది, డిజైన్ అంచుల దగ్గర కొంచెం చెదిరినట్టు ఉంటుంది కదా ఆ చెదురే నాకు నమ్మకం. ఒక్క చేయి, ఒక్క చీర, తిప్పి చూపించడం, ఇరవై సెకన్లు. పాట కూడా అక్కర్లేదు.

మగ్గమింటామె | ఆగస్టు 11, ఉదయం 7:40

అయ్యో నేను ధర పెడితె సావుకార్లు చూస్తరని పెట్టలే ఇన్నొద్దులు 🙈

మిర్యాలగూడ_మిల్లు | ఆగస్టు 11, ఉదయం 11:10

పాట అంటె గుర్తొచ్చింది. ఇన్‌స్టా అకౌంట్‌ను బిజినెస్ అకౌంట్ చేసుకుంటె సినిమా పాటలు చాన వరకు దొరకవు, ఎందుకంటె ఆ పాటల లైసెన్స్ సొంత వాడకానికే, వ్యాపారానికి కాదు. ఫ్రీగ వాడుకునే సౌండ్లు మెటా వాళ్లవే వేరేగ ఉంటయ్. మగ్గం చప్పుడే పెట్టు అమ్మా, దానికి ఏ లైసెన్స్ వద్దు.

మా బియ్యం బ్రాండ్‌కు పట్నంల ఒక ఏజెన్సీకి ఇచ్చినం, నెలకు ముప్పై పోస్టర్లు అని మాట. ముప్పై వచ్చినయ్, అండ్ల సగం శుభోదయం, జాతీయ ఫలానా దినోత్సవం, ఒకటైతె అంతర్జాతీయ నవ్వుల దినోత్సవం, కింద మా బియ్యం సంచి. మూడు నెలలు పైసలు కట్టి బంద్ చేసినం. ఇప్పుడు మా కోడలు వారానికి రెండు వీడియోలు పెడుతది, అన్నం వండి గంజి వంచేది, గింజ గింజ విడిగ పడేది. షాపులోళ్లు అవే వాళ్ల స్టేటస్‌లల్ల పెట్టుకుంటున్నరు. ముప్పై పోస్టర్లల్ల ఒక్కటి కూడ ఎవలు ముట్టలే.

పాలమూరు_పోరడు | ఆగస్టు 11, మధ్యాహ్నం 1:05

నవ్వుల దినోత్సవం + సోనా మసూరి 😂😂 నాకు ఆ పోస్టర్ కావాలె

సీతాఫలం_సార్ | ఆగస్టు 11, రాత్రి 8:30

రిటైర్డ్ టీచర్‌ని, బాలానగర్ దగ్గర ఉంటాను, మహబూబ్‌నగర్ జిల్లా. మా ఊరి పేరుతోనే సీతాఫలం రకం ఉంది, దసరా నుంచి దీపావళి దాకా సీజన్. కాయ కోసిన మూడు నాలుగు రోజుల్లో పండి మెత్తబడిపోతుంది కాబట్టి నాకు ఈ రోజు పెట్టింది ఈ రోజే కనపడాలి. ఇన్‌స్టాలో మొన్నటి పోస్టు ఈ రోజు చూపిస్తుంది, అప్పటికి పండు లేదు. అందుకే నాకు స్టేటస్, గ్రూపు తప్ప వేరేది పనికిరాలేదు. అమ్మాయి చీర అట్లా కాదు, నెలైనా పాడవదు. కాబట్టి ఎప్పుడు వెతికినా దొరికే చోట కూడా ఒకటి ఉండాలి, అది యూట్యూబ్. నేను మూడేళ్ల కింద పెట్టిన "చెట్టు మీద కాయ ఎప్పుడు కోయాలి" వీడియో చూసి ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. షార్ట్స్ కూడా ఇప్పుడు 3 నిమిషాల దాకా తీయొచ్చు.

పేర్ల సంగతి ఒకటి. ఎవరూ మీ ఊరి పేరుతో వెతకరు, "పోచంపల్లి" అనో "తేలియా రుమాల్" (నూనె పట్టించిన నూలుతో నేసే రుమాలు) అనో వెతుకుతారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పోచంపల్లిని చేర్చాక ఆ పేరు ఇంకా పాకింది. పుట్టపాక తేలియా రుమాల్‌కి 2020లో జీఐ (ఆ ప్రాంతపు సరుకు అనే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. మీరు నేసేది అదే అయితే వీడియో పేరులోనే తెలుగులో, ఇంగ్లీషులో రెండింటిలోనూ రాయండి. కానిదానికి మాత్రం ఆ పేరు పెట్టొద్దు.

మగ్గమింటామె | ఆగస్టు 11, రాత్రి 9:20

రుమాళ్లు నేస్తం సార్, ఎరుపు నలుపు తెలుపు, ఆముదం పట్టించే పాత పద్ధతే. చీరలు మామూలు ఇక్కత్. కలిపి చెప్పను.

దేవరకొండ_డిజిటల్ | ఆగస్టు 11, రాత్రి 10:15

సరే నేను కొంచెం తగ్గుత 🙂 అక్కకు రోజు రీల్ అక్కర్లేదు, ఒప్పుకున్న. కానీ ఇన్‌స్టా ఇడిసిపెట్టకు అక్కా. స్టేటస్‌ల పెట్టే ఫోటోలే ఇన్‌స్టా స్టోరీల కూడ ఎయ్యి, రెండు నిమిషాల పని. ఒకే చీర ఫోటోలు పది ఉంటె పది పోస్టులు చెయ్యకు, అన్ని ఒకే పోస్టుల పక్కకు జరిపి చూసేటట్టు పెట్టు, ఇప్పుడు 20 దాక పడుతయ్. మొదటిది కొంగు, రెండోది వెనక వైపు, ఆఖరుది ధర.

ఎప్పుడన్న బతుకమ్మ ముందు రెండు మూడు వందలు పెట్టి బూస్ట్ (పైసలు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపిచ్చుడు) కొడదామనిపిస్తె ఐఫోన్ యాప్‌ల నుంచి కొట్టకు, ఆపిల్ వాళ్ల 30 శాతం చార్జి పైన పడుతది, బ్రౌజర్‌ల తెరిచి చేస్తె పడది. 18 శాతం జీఎస్టీ ఎట్లైన తప్పది.

మగ్గమింటామె | ఆగస్టు 11, రాత్రి 10:21

ఐఫోనా తమ్మి? మాది పగిలిన రెడ్‌మి 😄

చిట్యాల_చాయ్ | ఆగస్టు 12, ఉదయం 8:00

టెలిగ్రామ్ గురించి ఎవలు చెప్పలే. రీసెల్లర్లకు (మన సరుకు తీసుకోని మళ్ల అమ్మేటోళ్లకు) అది మంచిది, ఛానెల్‌ల ఎంతమందినైన కలుపుకోవచ్చు, పాత ఫోటోలన్ని వరుసగ ఉంటయ్. కానీ రీసెల్లర్లకు ఇస్తె నీ ఫోటో తీస్కపోయి డబుల్ ధరకు పెడుతరు, నీ కస్టమరే వాళ్ల దగ్గర చూసి నీకే ఫోన్ జేసి కొట్లాడుతది. మా అక్క బట్టల దుకాణంల ఇదే అయింది. ఆమె ఇప్పుడు ఏం చేస్తదంటె ఫోటో తీసే ముందు చీర మీదనే ఒక చిన్న కాగితం ముక్క పెడుతది, పెన్నుతోటి పేరు, తారీఖు రాసి, కొంగు డిజైన్ నడిమిట్ల. కత్తిరిద్దమంటె డిజైనే పోతది.

వాట్సాప్ ఛానెల్ కూడ ఉంది, 2023 సెప్టెంబర్‌ల వచ్చింది మనకు. ఎవల నంబర్ ఎవలకు కనపడది, కానీ చూసినోళ్లు దాంట్ల తిరిగి మెసేజ్ పెట్టలేరు, ఎమోజీ కొట్టి ఊకుంటరు. బేరం జరగాలంటె కింద నీ చాట్ లింక్ పెట్టాలె.

గద్వాల_అంచు | ఆగస్టు 12, ఉదయం 9:30

కొత్త కస్టమర్లు అంటె ఒక జాగ్రత్త. పైసలు పంపినం అని స్క్రీన్‌షాట్ పెడుతరు, బ్యాంకుల పడకముందు పార్సిల్ కట్టకు. ఇంకొందరు మిలిటరీల ఆఫీసర్‌ను, పది చీరలు కావాలె, క్యూఆర్ స్కాన్ చెయ్యి పైసలొస్తయ్ అంటరు. పైసలు వచ్చెతందుకు యూపీఐ పిన్ ఎప్పటికి కొట్టనవసరం లేదు, కొట్టినవంటె నీ ఖాతాలకెళ్లి పోతయ్. అట్లేమన్న అయితె ఆలస్యం చెయ్యకుండ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ కొట్టు.

మగ్గమింటామె | ఆగస్టు 31, రాత్రి 9:05

మూడు వారాలైంది, ఏమైందో చెప్త.

టెలిగ్రామ్ తీసేసిన. యూట్యూబ్ ఉంచిన గని ముట్టలే. రోజు స్టేటస్‌ల మూడు పెడుతున్న: పొద్దుగాల మగ్గం మీద ఎంత వరకు వచ్చిందో ఒకటి, పగటీలి రంగు పనిది ఒకటి, రాత్రి తొమ్మిది దాటినంక, అందరు తిని కూసున్నప్పుడు, అమ్మేది ఒకటి, ధరతోటి. ఫోటోలు ఎండల తీసుడు బంద్ చేసి అరుగు మీద నీడకు పెట్టి తీస్తున్న, ఎరుపు ఇప్పుడు ఎరుపు లెక్కనే పడుతుంది, ముందు నారింజ లెక్క పడుతుండె. పార్సిల్‌ల చీటి పెడుతున్న.

ఒకటి మాత్రం అనుకోలే. మొన్న అత్తమ్మ గడపల కూసోని రంగు అద్దిన నూలుకు కట్టిన రబ్బర్లు విప్పుతుంది, అదే సైకిల్ ట్యూబు కోసి చుట్టే పట్టీలు. ఒక్కొక్కటి విప్పుతుంటె లోపల తెల్లటిది బయటికొస్తది కదా, ఆమె ముసలి చేతులు, గోర్లల్ల ఎర్ర రంగు, అట్లనే తీసిన, ముఖం పడలే, మాట లేదు, పక్కన మా ఆయన మగ్గం చప్పుడు. మధ్యల కోడి అరిచింది, అది కూడ ఉంచిన. ఇన్‌స్టాల, ఫేస్‌బుక్‌ల రెండిట్ల పెట్టిన. ఫేస్‌బుక్‌ల చేనేత గ్రూపోళ్లు పంచుకున్నరు, అండ్ల నుంచి పదమూడు మంది వాట్సాప్‌కు వచ్చిన్రు, ఐదు చీరలు పోయినయ్, రెండు రుమాళ్లకు అడ్వాన్స్ వచ్చింది. నేను ముస్తాబు చేసి బొమ్మకు కట్టి తీసిన రీల్‌కు నలభై లైకులు, దానికి ఫోన్ ఒక్కటి రాలే.

అత్తమ్మకు చూపిస్తె, గోర్లు కడుక్కోనిస్తివా పిల్లా, అన్నది.

అమెరికా_కోడలు_మునుగోడు | సెప్టెంబర్ 1, తెల్లవారుజామున 4:10

ఆ వీడియో నాకు మా గ్రూపులో వచ్చింది! మీదే అని తెలియదు. కోడి దగ్గర మూడుసార్లు వెనక్కి తిప్పి చూశా.

సీతాఫలం_సార్ | సెప్టెంబర్ 1, ఉదయం 6:30

ఆ వీడియోనే యూట్యూబ్‌లో కూడా పెట్టండి అమ్మా. ఆసు పోసేది ఇంకొకటి తీయండి. ఒక్క చీరకు ఆ చేయి ఎన్ని వేలసార్లు అటూఇటూ తిరుగుతుందో బయటివాళ్లకు తెలియదు. తల్లి భుజం నొప్పి చూడలేకే కదా ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం చేసి, 2017లో పద్మశ్రీ దాకా వెళ్లింది.

దేవరకొండ_డిజిటల్ | సెప్టెంబర్ 1, ఉదయం 10:45

అక్కా సూపర్. బతుకమ్మకు మూడు వారాలే ఉంది, ఇప్పటి సందే తంగేడు రంగు, బంతి రంగు చీరలు ముందుకు తియ్యి. పండుగ దినం పెడితె ఎవలు కొనరు, అప్పటికే జాకెట్లు కుట్టిచ్చుకోని ఉంటరు. దర్జీలు చివరి పది రోజులు బట్ట ముట్టుకోరు.

మగ్గమింటామె | సెప్టెంబర్ 1, మధ్యాహ్నం 3:00

ఈ దర్జీ ముచ్చట నాకు తట్టనే లేదు తమ్మి. ఈ రాత్రే పెడుత.

చిట్యాల_చాయ్ | సెప్టెంబర్ 1, మధ్యాహ్నం 3:20

అక్కా ఆ ఎరుపు నలుపు రుమాల్ ఒకటి మా అమ్మకు కావాలె, ఉన్నదా? ఎంత?

మోడరేటర్ | సెప్టెంబర్ 1, మధ్యాహ్నం 3:41

కొనుడు అమ్ముడు, ఫోన్ నంబర్లు ఈ చర్చలో వద్దు. ప్రైవేట్ మెసేజ్‌లో మాట్లాడుకోండి.

మగ్గమింటామె | సెప్టెంబర్ 1, మధ్యాహ్నం 3:55

సరే సార్. చిట్యాల తమ్మి, ఇంక మగ్గం మీదనే ఉన్నది, జానెడే అయింది.